చెవి మాస్టారి మీదకొచ్చిన పెట్టె

లిఫ్టులు బాగుచేసే ఆ పెద్దమనిషిని తోటి పనివాళ్లంతా చెవి మాస్టారు అంటారు. ముప్పై ఏళ్లుగా ఆయన పద్ధతి ఒక్కటే. లిఫ్టెక్కి, తలుపుకు కుడి చెవి ఆనించి, కళ్లు మూసుకుని పైదాకా వెళ్లొస్తాడు. దిగి 'మూడో అంతస్తు దగ్గర రోలర్ పోయింది' అన్నాడంటే పోయినట్టే. ఆ చెవి మీద ఆయనకున్న మమకారం చూసి భార్య, "తలస్నానం దానికి, మిగతా ఒంటికంతా కాకిస్నానం" అని ఎగతాళి చేస్తుంది.

ఆయన బావమరిది భవనాలకు ప్లాన్లు గీస్తాడు. ఏసీ గదిలో కూర్చుని, ఇస్త్రీ నలగకుండా జీతం తెచ్చుకునే రకం. బావ గ్రీజు చేతులు చూసి పాతికేళ్లుగా ముక్కు చిట్లిస్తూనే ఉన్నాడు. అలాంటివాడి ఆఫీసులో ప్లాన్లు గీసే ఏఐ దిగింది. వారం రోజుల పనిని కాఫీ చల్లారేలోగా గీసి పారేస్తోంది. ఎనిమిది మంది గీసే చోట ఇద్దరు మిగిలారు, అందులో బావమరిది ఒకడు.

ఇక మాస్టారి నోటికి పట్టపగ్గాలు లేవు.

"ఏరా, మీ ఆఫీసు కొత్త అల్లుడు ఎలా ఉన్నాడు? బాగా చూసుకుంటున్నారా?"

"గీతలన్నీ అదే గీస్తోంది బావా. నేను తప్పులు వెతికి కింద సంతకం పెడుతున్నా. రేపు మెట్టు పొట్టిదై ఎవరైనా పడితే, పట్టుకునేది నా సంతకాన్నే."

"నాకా బెంగ లేదురా. స్పానర్ తిప్పడానికి దానికి చేతులేవి?"

ఈ మాట అని నెల తిరక్కుండానే కంపెనీ వాళ్లు లిఫ్టుల కప్పు మీద చిన్నచిన్న పెట్టెలు బిగించారు. చప్పుడు విని, ఎక్కడేం పాడైందో ఫోన్‌కు రాసి పంపే ఏఐ పెట్టెలవి. చేతుల జోలికి రాలేదు, నేరుగా చెవి మీదకే వచ్చిందది. మాస్టారికి తిక్కరేగింది.

మొదటి వారమే ఒక ఆరంతస్తుల భవనం లిఫ్టు గురించి పెట్టె కబురు పంపింది. నాలుగో అంతస్తు దాటుతుంటే సన్నని కీచు శబ్దం వస్తోందట. లిఫ్టు పక్కలకు ఊగకుండా గోడకున్న ఇనుప పట్టాను పట్టుకుని జారే ముక్క అరిగిందట. మాస్టారు వెళ్లి మూడుసార్లు చెవి ఆనించాడు. చడీచప్పుడూ లేదు. "పెట్టె కోతలు కోస్తోంది. రేపు సాక్షిని పెట్టి మరీ నిరూపిస్తా" అని సూపర్‌వైజర్‌తో తెగేసి చెప్పాడు. సాక్షి బావమరిదే. యంత్రం చేతిలో దెబ్బతిన్నవాడు కాబట్టి తన పక్షమే మాట్లాడతాడని ధీమా.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ లిఫ్టెక్కారు. నాలుగో అంతస్తు దాటింది.

"చూశావా? ఏముంది?"

బావమరిది నేలచూపులు చూశాడు.

"ఏంట్రా నీళ్లు నములుతావు?"

"వస్తోంది బావా. కీచుమని. చెవి ఆనించక్కర్లేదు, ఊరికే నిలబడినా వినిపిస్తోంది."

మాస్టారు ఈసారి ఎడమ చెవి ఆనించాడు. సన్నగా, పిల్లికూన ఏడ్చినట్టు వచ్చింది. మళ్లీ కుడి చెవి పెట్టాడు. ఏమీ లేదు.

లిఫ్టు తిరిగే ఆ ఇరుకు గొట్టంలో పనిచేసేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. పైవాడు 'కదుపుతున్నా' అని అరిస్తే, కిందివాడు ఆ మాటే తిరిగి అరవాలి. అప్పుడే కదపాలి. ఈమధ్య తనకు పై మాట సరిగా అందకపోయినా, అదే అయుంటుందిలే అని అలవాటుకొద్దీ ఎన్నిసార్లు అరిచాడో గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. ఈ సంగతి బయటపడితే చెవి పరీక్ష తప్పదు. అందులో తప్పితే గొట్టంలో అడుగు పెట్టనివ్వరు. ఆయనకు వేరే పని రాదు.

"నేనేం వినలేదు బావా" అన్నాడు బావమరిది మెల్లగా. "సాక్షిని నేనేగా. పెట్టె తప్పని రాసెయ్."

ఇన్నేళ్లలో మొదటిసారి మాస్టారికి వాడు ముద్దొచ్చాడు. "తప్పుందని తెలిసీ ప్లాను మీద సంతకం పెడతావా నువ్వు?"

"చచ్చినా పెట్టను."

"మరి నాకు చెబుతావేంరా?"

మెట్ల మీద కూర్చుని ఫోన్లో రిపోర్టు రాశాడు. 'పెట్టె చెప్పింది నిజం. నా కుడి చెవికి అందలేదు. పరీక్ష అయ్యేదాకా లోపలికి దిగను.' పంపేసి, తల పట్టుకున్నాడు.

"మీ అక్కకి ఏ ముఖం పెట్టుకుని చెప్పనురా?"

"అక్కకి తెలుసు బావా. ఏడాది క్రితమే నాతో అంది. నేనే నమ్మలేదు. నువ్వు బాధపడతావని తను నీకు చెప్పలేదు. నీకు వినబడాలనే భోజనాల దగ్గర నీ ఎడమపక్కకి మారిపోయింది."

మాస్టారు కుడి చెవిని ఒకసారి తడుముకున్నాడు.

"ఫ్యాను గాలి కోసం మారిందనుకున్నానురా" అన్నాడు.