మిద్దె గవాచిలో నా ఉపన్యాసం

ఏమిటమ్మా, కుర్చీ వేసినా కూర్చోకుండా నిలబడే టీ తాగుతున్నావని అడుగుతున్నారు కదా? కూర్చోలేక! మొన్న శని, ఆదివారాలు కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లెకు పోయివచ్చాను. ఒక ఆడపిల్ల చదువు కోసం పోరాడడానికే పోయాను. గాయాలు ఎక్కడ తగిలాయో మాత్రం సభాముఖంగా చెప్పుకోలేను.

మా చిన్నమ్మ కూతురు లక్ష్మీదేవి ఆ ఊరి కోడలు. ఎనిమిదో తరగతి పాసైంది. కడపలో పంతులమ్మల ట్రైనింగులో సీటు వచ్చింది. జూన్‌లో చేరాలి. మా మరిది, అంటే దాని మొగుడు, గొప్ప అభ్యుదయవాది. "నాదేముంది వదినా, మాయమ్మ ఒప్పుకుంటే చాలు" అంటాడు. ఈ మగవాళ్ల తెలివే తెలివి! అభ్యంతరాలన్నీ అమ్మ దగ్గర దాచిపెట్టి, తాము చేతులు దులుపుకుని అభ్యుదయంగా తిరుగుతారు.

సరే, ఆ అమ్మగారిని, అంటే లక్ష్మి అత్త నాగమ్మను ఒప్పించాలి. "నువ్వొచ్చి ఒక మాట చెప్పక్కా" అని లక్ష్మి కబురు పెట్టింది. బయల్దేరాను.

ఎండాకాలం మా సీమలో బస్సు ప్రయాణం సంగతి మీకు తెలియంది కాదు. సగం దారిలో రేడియేటరు కాగి బుసబుసమంది. డ్రైవరు అందరి మరచెంబులూ అడుక్కుని దాని దాహం తీర్చాడు. నా కూజా కూడా అందులోకే పోయింది. అక్కణ్ణించి బస్సు చల్లగా, నేను నోరెండిపోయి కోయిలకుంట్ల చేరాం. మళ్లీ ఎద్దులబండి. అటూ ఇటూ నల్లరేగడి నెర్రెలిచ్చి నోళ్లు తెరుచుకుని ఉంది. ఎడారి అంటే ఇసుకే ఉండాలని ఎవరన్నారో గానీ, వాళ్లు ఈ నెలలో ఇటువైపు రాలేదు.

గడపలోనే లక్ష్మి నన్ను పక్కకు లాగింది.

"అక్కా, నీకు దండం పెడతా. ఉపన్యాసం మాత్రం ఇయ్యొద్దు. మాయత్తకు నెమ్మదిగా చెప్పల్ల. ఆమెకు కోపమొచ్చిందంటే నా ట్రైనింగు ఈ గడపలోనే ఐపోతాది."

"నాకు తెలియదా!" అన్నాను. తెలియదని మీకూ తెలుసు.

మధ్యాహ్నం పెద్ద సుడిగాలి లేచింది. ఇల్లంతా దుమ్ము. సాయంత్రానికి గాలి తగ్గింది. ఇంట్లో మాత్రం ఉడుకు. మగవాళ్లంతా రచ్చబండ మీద గాలికి చేరారు. నాగమ్మత్త పొయ్యి దగ్గర సంగటి కెలుకుతోంది. మేం మిద్దె ఎక్కాం. పక్కిళ్ల ఆడవాళ్లూ వాళ్ల మిద్దెల మీదినుంచి మా మిద్దె మీదికి దాటి వచ్చారు. "కర్నూలు నుంచి వచ్చిన అమ్మంట, పేపర్లలో రాస్తాదంట" అని చుట్టూ మూగారు.

ఆడవాళ్లు చుట్టూ మూగితే నాకు మాట ఆగుతుందా? ఆగలేదు.

"అత్తలంతా ఒకప్పుడు కోడళ్లే! ఆ సంగతి సౌకర్యంగా మరిచిపోతారు. ఈ నాగమ్మత్తనే చూడండి. కోడలు పంతులమ్మ అయితే సంగటి కెలకడానికి మనిషి ఉండదని ఆమె బెంగ. ఏం భయం లేదు. రేపు పొద్దున నాలుగు పొగడ్తలు పోస్తాను. మంచులా కరిగిపోతుంది!"

ఆడవాళ్లు కొంగులు నోళ్లలో కుక్కుకున్నారు. లక్ష్మి కళ్లు ఇంత చేసుకుని తల అడ్డంగా ఊపింది. ఎంత ముగ్ధురాలైపోయింది, అనుకున్నాను.

అంతసేపు నిలబడి మాట్లాడితే కాళ్లు పీకవూ? చుట్టూ చూశాను. నా వెనకే ఎత్తుగా, గుండ్రంగా, పైన గోనెపట్ట కప్పి ఒక ఆసనం! మీటింగుల్లో కుర్చీకి అలవాటు పడ్డ ప్రాణం కదా, పాపం నాకోసమే వేశారనుకున్నాను.

సరిగ్గా అప్పుడే కిందినుంచి నాగమ్మత్త గొంతు. "మేయ్ లక్ష్మీ! గవాచి మీద బుట్ట తీయ్ మే! పొగ సుట్టుకుంటాంది!"

"అక్కా, ఆడ కూ..." అంది లక్ష్మి.

కూర్చున్నాను.

నేను కర్నూలులో బండలు పరిచిన మిద్దె కింద పుట్టి పెరిగినదాన్ని. పల్లెలో మట్టి మిద్దెకు, వంటింటి పైన, పొగ పోవడానికీ వెలుతురు రావడానికీ గవాచి అని కన్నం ఉంటుందనీ, దాని చుట్టూ గట్టు కడతారనీ, సుడిగాలి లేస్తే దుమ్ము పడకుండా బుట్ట బోర్లించి గోనెపట్ట కప్పుతారనీ నాకేం తెలుసు? పైన మాట్లాడిన ప్రతి మాటా దాంట్లోంచి పొయ్యి దగ్గరికి దిగుతుందని అసలే తెలియదు.

ఫెళ్లుమని బుట్ట విరిగింది. నేను దిగాను. ఎంతవరకు దిగాలో అంతవరకు దిగి, బిగుసుకుపోయాను. మోకాళ్లు గడ్డానికి, చెప్పులు ఆకాశానికి. కింద వంటింట్లో నాగమ్మత్తకు ఏం కనిపించిందో మీరే ఊహించుకోండి. ఖద్దరు చీర మాత్రం చాలా గట్టిది, అంతవరకే చెబుతాను.

"యమ్మో! ఏందిమే ఇది!"

పైన ఆడవాళ్లు నా చేతులు పట్టి లాగుతున్నారు. లాగినకొద్దీ విరిగిన బద్దలు గుచ్చుకుంటున్నాయి. "అత్తా! కిందినుంచి కొంచెం తొయ్యి!" అని అరిచాను.

కింద సంగటి కుండ దించిన చప్పుడైంది. తర్వాత తీరిగ్గా, "తోస్తాలే. రేపు పొద్దున పొగడ్తలు పోస్తాననింటివే? ఇప్పుడే పోయ్, ఇంటా."

లక్ష్మి ముఖం నా ఎదురుగానే ఉంది. పాలిపోయింది. దాని ట్రైనింగు గవాచిలో పడి మూలుగుతోంది.

"అత్తా... నీ సంగటి వాసన ఎంత..."

"సంగటి నిండా మన్ను పడె. వేరేది చెప్పు."

ఇంకేం పొగడను? "అత్తా, నోరు జారాను. లక్ష్మికి చదువంటే ప్రాణం. పంపించు" అన్నాను. నా జీవితంలో అంత పొట్టి ఉపన్యాసం ఇవ్వలేదు.

"యాడుంటాది ఆడ?"

"ఆడపిల్లల హాస్టల్లో."

"సెలవలిస్తారా?"

"ఇస్తారు. అయ్యో, బద్ద! ఇస్తారు అత్తా!"

"నేర్చుకొని ఇంగో ఊరికి పోతే నాకేం లాభం? మా ఊరికే రావల్ల. ఈడ ఆడపిల్లోళ్లకు బడి ల్యా. మగ అయ్యోరి కాడికి పంపరు."

పైనున్న ఆడవాళ్ల నవ్వులు ఆగిపోయాయి. ఆమె బెంగ సంగటి గురించి కాదన్నమాట! నీ బెంగేమిటని పగలంతా ఆమెను ఎవరూ అడగలేదు. నేనైతే అసలే అడగలేదు. అడగడానికి ముందు మాట్లాడ్డం ఆపాలి కదా.

"ఈడికే వస్తా అత్తా!" లక్ష్మి గవాచి గట్టు మీద బోర్లా పడుకుని నా పక్కనుంచి కిందికి అరిచింది. "ఈడనే పంతులమ్మనైతా!"

"ఐతే పో" అంది నాగమ్మత్త. అంటూనే సంగటి కట్టెతో కిందినుంచి ఒక్క పోటు పొడిచింది చూడండీ, నేను తుపాకీ గుండులా మిద్దె మీద పడ్డాను!

ఆ రాత్రి మన్ను పడ్డ సంగటి పారబోసి, అందరం మజ్జిగ తాగి పడుకున్నాం. నేను బోర్లా పడుకున్నాను.

తెల్లారి నేను బండి ఎక్కుతుంటే నాగమ్మత్త కూర్చోడానికి మెత్తగా గడ్డి పరిపించింది. "రాజధాని ఐన మీ కర్నూల్లో ఆఫీసులన్నీ డేరాల్లోనేనంట గదా. పాపం, నీకు మిద్దె సంగతి యాడ తెలుస్తాది!" అని బుగ్గ నిమిరి, లక్ష్మి వైపు తిరిగింది. "మేయ్, నువ్వు బాగా సదవాల. ఫేలైతే మీయక్క మళ్లీ నచ్చజెప్పను వస్తాది. ఇంగా ఒక గవాచే మిగిలుండాది ఈ ఇంటికి."

మీ ఎరుకలో కోడల్ని చదువుకు పంపని అత్తలెవరైనా ఉంటే కబురు పెట్టండి. వ్యాసం రాయను. నేరుగా వచ్చి మిద్దె ఎక్కుతాను.