డొక్క గట్టి టైరు

జీపు మామయ్య టైరు కొనాలంటే కళ్లతో చూడడు. గొంతుక్కూర్చుని బొటనవేలితో దాని డొక్క, అదే పక్కభాగం, నొక్కుతాడు. ఆయన జీపు తారురోడ్డు మొహం చూడదు. నర్సమ్మను రాళ్లబాటలో కొండ మీది ఇళ్లకు చేర్చడమే దాని పని. పోయిన వారం రాయి పొడిచి టైరు డొక్క చీలితే, పాపం ఆవిడ మందులపెట్టె మోసుకుంటూ నడిచింది. ఆ సిగ్గు ఆయన్నింకా వదల్లేదు.

“ఇవి తీసుకో మామా, చప్పుడే రాదు,” అన్నాడు కొట్టువాడు.

“నేనేమన్నా దొంగతనానికి పోతున్నానట్రా?”

కొట్టువాడి ఓపిక అరిగిపోయాక, ఓ మొరటు టైరు దగ్గర బొటనవేలే వెనక్కి వంగింది. మామయ్య మొహం విప్పారింది.

“అయితే నడవడానికని కొన్న బూట్లు తిరిగిచ్చేయనా మామయ్యా?” అంది వెంట వచ్చిన నర్సమ్మ.

“ముందు కొండెక్కి దిగనీ తల్లీ,” అన్నాడు, నవ్వాపుకోలేక.