రేపటి తేదీ వేసిన నివాళులు

ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఏది అసలు రాదో మైకులో చెప్పడం ఆవిడ ఉద్యోగం. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు అందరికీ ఆవిడ కంట్రోలరమ్మ. రిటైరయ్యాక కుర్చీ పోయింది కానీ పేరు పోలేదు. పెళ్లి చేసుకోలేదు. అక్కాబావలది మేడ మీది వాటా, ఆవిడది కింది వాటా. బావ కూడా అదే డిపోలో డ్రైవరుగా చేసి దిగినవాడే.

రిటైరైనవాళ్ల సంఘానికి ఒక వెబ్‌సైటు ఉండాలని ప్రెసిడెంటుకు బుద్ధి పుట్టింది. సంఘాల్లో బుద్ధి ఒకరికి పుడుతుంది, పని ఇంకొకరి నెత్తిన పడుతుంది. ఈసారి కంట్రోలరమ్మ నెత్తిన పడింది. తమ్ముడి కూతురు ఫోనులోనే నేర్పింది. ఒక్కో విషయానికి ఒక్కో మామూలు ఫైలు. పైన శీర్షిక, తేదీ, కింద రాయదలచుకున్నది. నల్ల స్క్రీను తెరిచి ఒక ఆదేశం టైపు చేస్తే ఆ ఫైళ్లన్నీ వరసగా వెబ్ పేజీలైపోతాయి. ఇంకో ఆదేశం కొడితే ఇంటర్నెట్‌లోకి ఎక్కుతాయి.

"అత్తా, నీకిది కష్టమేమో. మౌసుతో చేసేది ఇంకోటుంది, చూపించనా?" అంది మేనకోడలు.

"మౌసెందుకే? జన్మంతా నోటితో చెప్పి బస్సుల్ని కదిలించాను. ఇది చేత్తో చెప్పడం, అంతేగా."

నిజంగానే ఆ నల్ల స్క్రీను ఆవిడకు నచ్చింది. చెప్పింది చేస్తుంది, చెప్పనిది చేయదు. డిపోలో ఆ గుణం ఉన్న మనిషిని ఆవిడ చూడలేదు.

నచ్చనిది సంఘంవాళ్లు రాసే నివాళి. ఎవరు పోయినా ఒకటే నివాళి తిరిగేది, పేరు మాత్రం మారేది. పోయినవాళ్లందరూ మృదుస్వభావులే, అందరి మరణమూ తీరని లోటే. తద్దినం దాకా కూడా ఆగకుండా తీరిపోయే లోటును తీరని లోటు అనడం ఆవిడకు ఒళ్లుమంట. మనిషి పోయిన కంగారులో కూర్చుంటే ఇలాంటి అబద్ధాలే వస్తాయని, బతికుండగానే తీరిగ్గా రాసిపెట్టుకోవడం మొదలుపెట్టింది. పత్రికలవాళ్లు గొప్పవాళ్లకు చేసే మర్యాదే ఇది. ఈవిడ డ్రైవర్లకు చేసింది. రాసినవి బాగుండేవి కూడా. ప్రెసిడెంటు గురించి "మైకు చేతికొస్తే వదలడు, అయినా ధర్నాలో అందరికంటే ముందు కూర్చునేవాడు" అని రాసింది. బావ గురించి "ఆయన బండి ఏనాడూ వేళకు రాలేదు. వెనక పరిగెత్తుకొచ్చే మనిషిని వదిలేసి ఏనాడూ కదల్లేదు" అని రాసింది.

ఇవన్నీ వెబ్‌సైటు ఫైళ్ల మధ్యే ఉండేవి. భయం లేదు, ఎందుకంటే ఆ యంత్రానికి ఒక నియమం ఉంది. ఫైలు మీద ఇంకా రాని తేదీ ఉంటే దాన్ని పేజీగా చేయదు, ఆ తేదీ వచ్చేదాకా పక్కన పెడుతుంది. అందుకని ఆవిడ ప్రతి నివాళికీ ఆ ఏడాది చివరి తేదీ వేసేది. కొత్త సంవత్సరం దగ్గర పడగానే కూర్చుని అందరికీ తలా ఒక ఏడాది పొడిగించేది. డిపో మొత్తానికి ఆయుష్షు రెన్యువల్ చేస్తున్నానని తనలో తనే నవ్వుకునేది.

ఆ నవ్వు బావ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. ఆయన దగ్గు మామూలు దగ్గు కాదని, ఊపిరితిత్తుల్లో క్యాన్సరని డాక్టరు అక్కాచెల్లెళ్లిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. బావ అప్పుడు గది బయట బెంచీ మీద ఉన్నాడు. "ఆయనకు చెప్పొద్దే, ధైర్యం చెడతాడు" అంది అక్క. చెల్లెలు సరేనంది. అప్పటినుంచి ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా వాళ్లు లోపలికి, ఆయన బెంచీ మీదికి. బయటికి వచ్చి "పాత సిగరెట్ల మచ్చేనట" అనేవాళ్లు. మాత్రలు బలానికన్నారు. జబ్బు దాచడాన్ని మనం ప్రేమ అంటాం. అందులో సగం మన సౌకర్యం. చెప్పాక ఆ మనిషి మొహం చూడక్కర్లేదు కదా.

అయితే అబద్ధం ఎదురుగా ఆడినంత తేలిగ్గా కంట్రోలరమ్మ రాయలేకపోయింది. బావ ఫైలు తెరిచి మొదటి వాక్యంలోనే జబ్బు పేరు రాసింది. తేదీ దగ్గర మాత్రం చెయ్యి ఆడలేదు. అందరికీ ఈ ఏడాది చివర వేసిన మనిషి, ఆయనకు వచ్చే ఏడాది చివర వేసింది.

వార్షిక సభ దగ్గర పడింది. ఆ ఉదయం సభ ప్రకటన ఫైలు రాసి, ఆదేశం కొట్టి, సైటు తెరిచి చూస్తే ప్రకటన లేదు. మళ్లీ కొట్టింది. మళ్లీ లేదు. కారణం ఆవిడ అలవాటే. బస్సు చీటీ మీద అది బయల్దేరే వేళ రాస్తారు గానీ, చీటీ రాసిన వేళ రాయరు. ఆ లెక్కన ఫైలు మీద ఆ రోజు తేదీ వేయకుండా సభ జరిగే తేదీ వేసింది. రాని తేదీ కాబట్టి యంత్రం ప్రకటనను పక్కన పెట్టింది. ఆవిడ వెతికి వెతికి సెట్టింగుల్లో మందు కనిపెట్టింది, రాబోయే తేదీలున్న ఫైళ్లను కూడా చూపించమని ఒక వాక్యం. అది చేర్చి, ఆదేశం కొట్టింది. ప్రకటన కనిపించే దారి దొరికిన సంబరంలో, ఆ దారినే ఇంకేం వస్తాయో ఆలోచించలేదు. ఎన్ని పేజీలు తయారయ్యాయో నల్ల స్క్రీను చివర్లో చెప్పింది. ఎప్పటికంటే చాలా ఎక్కువ. ఆవిడ చూడలేదు. సైటు ఎక్కించి, సంఘం గ్రూపులో లింకు పెట్టి, "సభ వివరాలు తప్పక చూడగలరు" అని రాసి స్నానానికి వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి ఫోను మోగుతోంది. ప్రెసిడెంటు.

"ఏమ్మా కంట్రోలరమ్మా, నేనెప్పుడు పోయానమ్మా?"

"అదేం మాటండీ పొద్దున్నే!"

"మాట నాది కాదమ్మా, మీ రాతే. డిసెంబరు ముప్పై ఒకటిన పోయానట. మా ఆవిడ చదివి ఘొల్లుమంది. తర్వాత తేదీ చూసి, ఇంకా టైముంది కదా అని కళ్లు తుడుచుకుంది. అది సరే, మైకు వదలడని రాస్తారా? పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయాలమ్మా."

"మీరింకా పోలేదు కదండీ" అనేసి, ఏమన్నదో తనకే తెలిసి, కంట్రోలరమ్మ ఫోను పెట్టేసింది. తడి చేత్తోనే సైటు తెరిచింది. యంత్రం పేజీలను కొత్త తేదీనుంచి పాత తేదీకి పేర్చుతుంది. సభ ప్రకటన ఎక్కడో అడుగున ఉంది. దాని మీద డిపో అంతా వరసగా చచ్చిపడి ఉంది. అందరికంటే పైన, అందరికంటే ఎక్కువ ఆయుష్షు ఇచ్చిన పాపానికి, బావ.

సెట్టింగుల్లో చేర్చిన ఆ వాక్యం తీసేసి, మళ్లీ ఆదేశాలు కొట్టింది. సైటు శుభ్రమైంది. గ్రూపు శుభ్రం కాలేదు, అందరూ ఆ పేజీలను ఫోటోలు తీసి పెట్టేస్తున్నారు. ఒకాయన "నా పేరు లేదేంటి, నేను మనిషిని కానా?" అని అలుగుతున్నాడు. ఆవిడ అవేమీ చదవలేదు. బావ గ్రూపు చూడడు, చూసినా లింకులు తెరవడు అని పైకి అనుకుంటూనే మెట్లెక్కింది. సభ ఎప్పుడని ఆయన నిన్న తననే అడిగిన సంగతి సగం మెట్ల మీద గుర్తొచ్చింది.

బావ వరండాలో కూర్చుని ఉన్నాడు. ఫోను చేతిలో ఉంది, కళ్లద్దాలు నుదుటి మీద ఉన్నాయి.

"రా మరదలా. ఒక సంగతి అర్థం కాలేదు. 'ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఏడాదికి పైగా' అనుంది ఇక్కడ. ఎవరికి?"

మైకులో ఎన్ని వేలమందికో జవాబు చెప్పిన మనిషి నీళ్లు నమిలింది. "అది పొరపాటున, బావా..."

"ఏది పొరపాటు? రాయడమా, చూపించడమా? జబ్బా?"

వంటింట్లోంచి అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన ఆ వాక్యం పైకి చదివాడు. అక్క మొహం తెల్లబోయింది, అయినా నోరు మాత్రం తడుముకోలేదు. "దానికి మతిపోయిందండీ. ఎవరి సంగతో తెచ్చి మీ కింద అతికించి ఉంటుంది. ఏమే, అంతేగా? చెప్పవే!"

దారి ఉంది. అంతేనని ఒక్క మాట అంటే చాలు. అక్క కళ్లు చేతులు జోడించి అడుగుతున్నాయి. బావ మాత్రం పెళ్లాం వైపు చూడడం లేదు, మరదలి వైపే చూస్తున్నాడు. ఈ ఇంట్లో నిజం చెప్పగలిగేది ఎవరో ఆయన తేల్చుకున్నట్టుంది.

"మీకే, బావా" అంది కంట్రోలరమ్మ.

"నీ నోరు పడిపోను!" అక్క అరుపు పక్కింటిదాకా వినిపించింది. "తోడబుట్టావా, పగబట్టావా? మనిషిని నిలువునా చంపేశావు కదే!"

బావ లేవబోయి, గ్రిల్లు పట్టుకుని మళ్లీ కూర్చున్నాడు. కళ్లద్దాలు దించుకున్నాడు. మళ్లీ పైకి పెట్టుకున్నాడు. ఆయన గొంతు కోపంగా కూడా లేదు.

"మీరిద్దరూ లోపలికెళ్లి, నవ్వుకుంటూ బయటికొచ్చేవాళ్లు. నేను కూడా నవ్వేవాణ్ని. దేనికి నవ్వించారే నన్ను?"

ఆయన మళ్లీ మరదలి వైపు తిరిగాడు.

"ఎన్నాళ్లు?"

"డాక్టరు ఖాయంగా చెప్పలేదు" అంది చెల్లెలు. "వచ్చే వేసవి దాటితే గొప్పన్నాడు."

ఆయన తల ఊపాడు. తర్వాత ఫోను ఒళ్లో బోర్లా పెట్టి, "మళ్లీ ఎప్పుడు రమ్మన్నాడు? ఈసారి లోపలికి నేనొక్కణ్నే వెళ్తా" అన్నాడు.

ఆ వారంలో అక్క కింది వాటా వైపు తొంగి చూడలేదు. ఆసుపత్రి రోజున మాత్రం ముగ్గురూ కలిసే వెళ్లారు, ఆయన రమ్మన్నాడు కాబట్టి. నర్సు పేరు పిలవగానే అలవాటు కొద్దీ అక్క లేచింది. ఆయన అరచెయ్యి చూపించి ఆపి, లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

బెంచీ మీద అక్కాచెల్లెళ్లు మిగిలారు. మధ్యలో ఇంకో మనిషి కూర్చునేంత ఖాళీ.

"నిజం చెప్పానని నీకు గర్వంగా ఉంది కదూ" అంది అక్క, ఎదుటి గోడకేసి చూస్తూ.

"అడిగాడు కదక్కా."

"నువ్వు కింద పడుకుంటావు. ఆయన దగ్గి దగ్గి ఆగిపోయాక, మళ్లీ ఊపిరి వినిపించేదాకా కళ్లు తెరుచుకుని ఉండేది నేను. పొద్దున లేచి ఆ మొహానికి నేనేం చెప్పాలే? నువ్వు రాసినట్టు చెప్పాలా? నువ్వు రాసి ఫైలు మూసేస్తావు."

అందరి నివాళులూ రాసిన మనిషికి, తాను రాసినవాటిలో ఆ రాత్రులు లేవని అప్పుడు తెలిసింది.

తలుపు తెరుచుకుంది. ఎప్పటికంటే ఎక్కువసేపు పట్టింది లోపల. ఇద్దరూ ఒక్కసారే లేచారు. ఆయన మొహంలో ఏమీ దొరకలేదు. కాగితాలు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇన్నాళ్లూ అవి అక్క సంచిలోకి వెళ్లేవి.

"ఏమన్నారండీ?" అంది అక్క.

"నాకు చెప్పారు" అన్నాడాయన.

గేటు వైపు ముందుగా నడిచాడు.