పద్దెనిమిది నంబర్ పానా

మా ఆయన కృపాకర్‌కు కారు లేదు. పెళ్లయిన పద్నాలుగేళ్లలో మేమెక్కింది స్కూటర్, లేదంటే ఆర్టీసీ బస్సు. కానీ ఏ స్పోర్ట్స్ కారుకు ఇంజను ముందుంటుందో, దేనికి వెనకుంటుందో అడగండి, అన్నం కలుపుతూనే చెప్పేస్తాడు. మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఆయన ఫిట్టర్. ఆరు రోజులు అక్కడ బోల్టులు బిగించి, ఏడో రోజు ప్రార్థన అయిపోగానే ఇంకొకళ్ల బోల్టులు బిగించడానికి పరుగెత్తే మనిషిని కట్టుకున్నాను నేను. నా పేరు సంతోషి, కోదాడలో బడి పంతులమ్మను. ఆయనకు కోపం రాదు. ఆయన వాటా కోపం కూడా దేవుడు నాకే ఇచ్చాడు కాబట్టి ఇదంతా నేనే రాస్తున్నాను.

మిర్యాలగూడలో భాస్కర్‌ది రైస్ మిల్లు. ఐదేళ్ల కిందట మిల్లులో గేర్‌బాక్స్ మొరాయిస్తే ఎవరో చెప్పి కృపాకర్‌ను పిలిపించాడు. అది బాగయ్యాక వెనక షెడ్డులోకి తీసుకెళ్లి టార్పాలిన్ లేపి చూపించాడు. ఎప్పుడో ఇంగ్లండులో తయారైన ఎర్ర కారు, రెండే సీట్లు. ఇంజను ఒక మూల, మిగతా సామానంతా గోనె సంచుల్లో ఉంది.

"మనిద్దరం గలిసి దీన్ని లేపుదాం తమ్మీ. నువ్వు దప్ప దీన్ని ఎవ్వడు ముట్టొద్దు" అన్నాడట.

ఆ 'తమ్మీ'కి మా ఆయన పడిపోయాడు. పెన్‌పహాడ్‌లో కూలికి పోయే ఇంట్లో పుట్టిన మనిషి. పొలాలూ మిల్లులూ ఉన్న వాళ్ల నోట తన పేరు తిన్నగా రావడమే ఆయనకు పెద్ద సంగతి. ఆ రోజు ఇంటికొచ్చి ఆ మాట నాకు నాలుగుసార్లు చెప్పాడు. నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఆ కారు నట్లన్నీ అంగుళాల కొలతలో ఉంటాయి. మన దగ్గర దొరికేవి మిల్లీమీటర్ల పానాలు. వాటిలో కొన్ని ఆ నట్ల మీదికి ఎక్కవు, కొన్ని ఎక్కి లొడలొడలాడతాయి. అందుకని కృపాకర్ హైదరాబాదు పోయి, ఎర్రగడ్డలో ఆదివారం పూట నేల మీద గోనె పరిచి పాత ఇనుము అమ్మే వాళ్ల దగ్గర ఒక్కొక్క పానా ఏరి తెచ్చుకున్నాడు. కార్బురేటర్ వెనక చెయ్యి దూరని చోట ఒక నట్టుంటే, దానికోసం ఒక పానాను రేకంత పలచగా అరగదీసి, మెడ వంచాడు. వాటన్నిటికీ అరలు పెట్టి గుడ్డ సంచి కుట్టించుకున్నాడు. కుట్టింది నేనే, చిరిగింది నా చీరే.

"పానా ముందు నట్టు మీద కూసోవాలె" అని నాకు పాఠం చెప్పేవాడు, నేను అడగకపోయినా. "కూసున్నంకనే గుంజాలె. గీ కారు చక్రాల నట్లకు పదకొండు బై పదహారు అంగుళాల పానా కావాలె. పద్దెనిమిది నంబర్ గూడ ఎక్కుతది గని, అది నట్టు మూలలు తింటది."

ఆఖరి బిగింపు టార్క్ రెంచ్‌తో. సరిపడా బిగువు రాగానే అది టక్‌మంటుంది. ఆ టక్ వినకుండా ఆయన ఏ చక్రమూ వదిలేవాడు కాదు. నాలుగేళ్ల ఆదివారాలు ఆ షెడ్డులోనే పోయాయి. మా పెళ్లిరోజు ఒకటి కూడా అందులోనే పోయింది, అది వేరే గొడవ.

పోయిన జనవరిలో కారు లేచింది. హైదరాబాదు నుంచి పాత కార్ల వాళ్లు వరసగా హైవే మీద విజయవాడ వెళ్తుంటే, భాస్కర్ సూర్యాపేటలో వాళ్లతో కలిశాడు. రెండో సీటు కృపాకర్‌కే అని నాలుగేళ్లు చెప్పినవాడు, ఆ రోజు దాంట్లో ఎవరో పెద్దమనిషిని కూర్చోబెట్టుకున్నాడు. "అన్నకు మొహమాటం గదా" అన్నాడు మా ఆయన. ముందు ఆదివారమే నాలుగు చక్రాలూ బిగించి, దారిలో అవసరమవుతాయని పానాల సంచిని ఇనప పెట్టెలో పెట్టి, తాళం వేసి డిక్కీలో ఉంచాడు. కారు కోదాడ దాటేటప్పుడు చూద్దామని ఇద్దరం బైపాస్ పక్కన నిలబడ్డాం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

ఎర్ర కారు కనబడగానే చెయ్యి ఊపాడు. ఊపిన చెయ్యి దించక ముందే ముందు చక్రం ఊడింది. కారు రోడ్డును గీక్కుంటూ ఆగింది. చక్రం మాత్రం ఆగకుండా దొర్లుకుంటూ వెళ్లి, మక్క కంకులు కాల్చి అమ్ముకునే సత్తెమ్మ అనే ముసలామెను కొట్టింది. ఆమె మోకాలి కింద ఎముక విరిగింది.

భాస్కర్ దిగి, గుమిగూడిన జనం మధ్యలో కృపాకర్ వైపు తిరిగాడు.

"ఎట్ల బిగించినవ్‌రా చక్రం?"

'తమ్మీ' పోయి 'రా' వచ్చింది. పక్కనున్న వాళ్లతో "మా ఫిట్టరోడు బిగించిండు" అన్నాడు. మా ఆయన కారు వైపు కూడా చూడలేదు. సత్తెమ్మను ఎత్తుకుని ఆటోలో వేసుకుని దవాఖానకు పోయాడు. నట్లను ఆ రోజే చూసి ఉంటే అన్నీ ఆ రోజే తేలిపోయేవి.

సాయంత్రం ఇంటికొచ్చి మంచం పట్టె మీద కూర్చుని అన్నాడు.

"నేను బిగించిన సంతోషీ. నాలుగు నట్లు. టక్‌మన్నది."

"మరి ఎలా ఊడింది? నట్లకు కాళ్లొచ్చాయా?" అన్నాను.

మర్నాడు పొద్దున మళ్లీ అదే మాట చెప్పాడు. నేను బడికి తయారవుతున్నాను. "పొరపాటు మనుషులే చేస్తారు. ఒప్పుకుంటే బరువు దిగిపోతుంది" అన్నాను. ఇక ఆయన ఆ మాట ఎత్తలేదు. మూడో ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి, తన అజాగ్రత్త వల్ల ఒక తల్లి కాలు విరిగిందని, సంఘం తన కోసం ప్రార్థించాలని అడిగాడు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, కొంచెం గర్వంగా కూడా.

దవాఖాన ఖర్చు భాస్కర్ పెట్టుకున్నాడు. ఫిట్టర్ చేసిన తప్పుకు యజమాని ఎంత పెద్ద మనసు చేసుకున్నాడోనని కోదాడ, మిర్యాలగూడ, మేళ్లచెరువు మూడు ఊళ్లలోనూ చెప్పుకున్నారు. ఫ్యాక్టరీలో కృపాకర్ బిగించిన ప్రతి బోల్టునూ వెనకాలే ఇంకొకడు వచ్చి సరిచూడటం మొదలైంది. "ఏమనుకోకు కృపాకర్, పైనోళ్లు అడుగుతున్నరు" అన్నాడట సూపర్‌వైజర్ గోవర్ధన్. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆ చేతుల మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. మనిషి మెత్తబడిపోయాడు. గ్యాస్ సిలిండర్ నాబ్ కట్టేసి, వెళ్లి, మళ్లీ వచ్చి చూసేవాడు. శనివారాలు గుడ్లో పండ్లో పట్టుకుని సత్తెమ్మ దగ్గరికి వెళ్లి కూర్చునేవాడు.

ఆ రోజు రోడ్డు మీద చక్రం మళ్లీ ఎక్కించడానికి పానాల పెట్టె తాళం పగలగొట్టారట. మిల్లు డ్రైవర్ తెచ్చి ఇచ్చాక ఆ పెట్టెను ఆయన తెరవలేదు. ఏప్రిల్‌లో కుక్కర్ పిడి ఊడితే స్క్రూ డ్రైవర్ కోసం నేనే తెరిచాను. లోపల రెండు నట్లు దొర్లుతున్నాయి. ఆ రోజు రోడ్డు మీద దొరికిన సామానుతో పాటు డ్రైవర్ వీటిని కూడా పెట్టెలో పడేసినట్టున్నాడు. మూలలు ఎలుకలు కొరికినట్టున్నాయి.

"ఏమండీ, ఇవి ఏ బండివి?"

ఆయన చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. నేల మీద కూర్చున్నాడు. తన పదకొండు బై పదహారు పానా తీసి నట్టు మీద పెట్టాడు, అరిగిన మూలలు దానికి అందలేదు. తర్వాత లోపలికి వెళ్లి పద్దెనిమిది నంబర్ పానా తెచ్చి పెట్టాడు. మూలలు అరిగిన చోట అది సరిగ్గా ఆనింది.

"ఇది నా పానా కాదు" అన్నాడు. "నేను బిగించినంక ఎవరో ఇప్పిండ్రు."

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఆయన ముఖం మాత్రం ఇంకా పాడైపోయింది. ఆ షెడ్డు తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటుంది.

మర్నాడు ఇద్దరం బస్సెక్కి మిర్యాలగూడ వెళ్లాం. భాస్కర్ చాయ్ తెప్పించాడు. కృపాకర్ రెండు నట్లనూ బల్ల మీద పెట్టాడు. భాస్కర్ వాటిని చూసి, కాదని కూడా అనలేదు.

"గురువారం రిమ్ములకు పాలిష్ పెట్టించిన తమ్మీ. నీ పెట్టెకు తాళముండె. ఉన్న పానాతోని నేనే ఇప్పి నేనే బిగించిన."

"మరి చెప్పలేదేందన్నా?"

"చెప్దామనే అనుకున్న. గంతల నువ్వే చర్చిల ఒప్పుకున్నవంట. ఇగ నేనేం జెప్పాలె?"

నేను ఊరుకోలేదు. "మీకు నోరు పడిపోయిందా? మూడు నెలలు ఈయన తల దించుకుని తిరుగుతుంటే మీకు అన్నం ఎలా దిగింది?" అన్నాను.

"కోపం జేయకు చెల్లె. మిల్లర్ల సంఘం ఎలక్షన్ల నిలబడ్డ. నా పేరు ఖరాబైతే మళ్లీ రాదు. ఈయనది ఫిట్టర్ పని, నాలుగు రోజులైతే అందరు మర్సిపోతరు."

"నాకు గా పని దప్ప ఇంకేమున్నదన్నా?" అన్నాడు కృపాకర్.

చాయ్ మీద మీగడ కట్టింది. మేము లేచి వచ్చేశాం.

ఆదివారం మళ్లీ సాక్ష్యాల సమయంలో కృపాకర్ నిలబడ్డాడు. ఆ చక్రం తాను బిగించిన మాట నిజమని, తర్వాత వేరే చెయ్యి విప్పిందని, తనకు తెలియక తప్పు మీద వేసుకున్నానని చెప్పాడు. నట్లు కూడా చూపించాడు. సంఘ పెద్ద ఒకాయన మెల్లగా లేచాడు.

"బ్రదర్, సంఘమంతా నిన్ను ఎప్పుడో క్షమించింది. మళ్లీ తవ్వి ఇంకొకరి మీద వేయడం ఎందుకు?"

వెనక ఎవరో ఆమెన్ అన్నారు. నేను లేచి మాట్లాడబోతే, భార్య కదా అన్నట్టు ఆడవాళ్లు జాలిగా చూశారు. కృపాకర్ నట్లు జేబులో వేసుకుని కూర్చున్నాడు.

ఇంటికి వస్తుంటే స్కూటర్ వెనక నేను ఒకటే తిట్లు. భాస్కర్‌ను తిట్టాను, ఆ పెద్దాయనను తిట్టాను, ఆమెన్ అన్న వాడెవడో వాడినీ తిట్టాను. ఇంత నమ్మిన వాళ్లు ఇంత మోసం చేస్తారా అన్నాను. రైతు బజార్ దాటాక ఆయన బండి పక్కకు తీసి ఆపాడు. వెనక్కి తిరగలేదు.

"భాస్కరన్న నాకు బయటోడు సంతోషీ. చర్చోళ్లు గూడ బయటోళ్లే. బిగించిన అని నీకు రెండుసార్లు జెప్పిన. నువ్వే నమ్మకపోయేసరికి, బిగించలేదేమో అని నాకే అనిపించింది. అందుకే పోయి ఒప్పుకున్న."

కోపంగా అనలేదు. ఆయనకు కోపం రాదని చెప్పాను కదా. ఆయన మళ్లీ స్కూటర్ స్టార్ట్ చేశాడు.