తెల్ల పంచె కింద పంటి ముక్కలు

నా భార్య పంటి డాక్టరు. రెండువేల పదికి కాస్త ముందు, తిరుపతిలో మేం అద్దెకున్న రోజుల్లో, పై చదువు కోసం ఒక ప్రయోగం చేసింది. ఆమె పోయాక ఆ పని గురించి నన్నెవరూ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

పంటి పైపెంకు కింద సన్నని పోగులుంటాయి. పిప్పి తీసి సిమెంటు నింపితే అది ఆ పోగులను పట్టుకునే నిలుస్తుంది. కొన్నేళ్ళకు పంటిలోనే ఉండే ఎంజైములు పోగులను తినేస్తాయి, సిమెంటు ఊడివస్తుంది. పోగులకు బి-టూ విటమిన్ నీళ్ళు పట్టించి నీలి వెలుగు చూపితే అవి ఒకదానికొకటి ముడిపడి, అంత తొందరగా లొంగవని ఆమె చదివింది. నిజమేనా అని తన చేత్తో చూడాలనుకుంది.

దానికి పిప్పి లేని పళ్ళు కావాలి. అలాంటివి పీకడమే అరుదు. ఒక్కొక్కటే కూడబెట్టి, పలచగా కోసి, ఆమ్లంలో సున్నం పోగొట్టి, ముక్కలన్నిటికీ విటమిన్ నీళ్ళు పట్టించింది. సగానికి వెలుగు చూపింది. పోల్చి చూడడానికి మిగతా సగం చీకట్లోనే ఉండాలి. కాలేజీలో ఫ్రిజ్ చెడిపోతే ఆ సగాన్ని గాజుగిన్నెలో పెట్టి, నల్లగుడ్డ చుట్టి ఇంటికి తెచ్చి, మా ఫ్రిజ్‌లో పెరుగు పక్కన పెట్టింది.

మర్నాడు, మాతోనే ఉండే మా అమ్మ చూసింది. చిత్తూరు దగ్గర పల్లెలో సేద్యం చేసిన మనిషి.

"ఏంది మే ఆ మూట?"

"పళ్ళ ముక్కలత్తా. మనుషులవి."

నేనూ నా భార్యా రేణిగుంట స్టేషన్‌కు వెళ్ళి చుట్టాలను రైలెక్కించి వచ్చేసరికి గిన్నె మిద్దె మీదుంది. దహనం తర్వాత ఏరిన ఎముకలను మా ఇళ్ళలోకి తేరు. అమ్మకు ఇవీ అలాంటివే. నలుపు పనికిరాదని ఆ గుడ్డ తీసేసి, ఉతికిన తెల్ల పంచె ముక్క కప్పింది. పలచని గుడ్డ, పైన మిట్టమధ్యాహ్నపు ఎండ.

నా భార్య గిన్నె ముందు గొంతుక్కూర్చుంది. "ఎండలోనూ నీలి వెలుగుంటాది. అది తగిలేసినాది. ఇంక పనికిరావు" అంది. మళ్ళీ పళ్ళు దొరక్కపోతే ఆమెకు ఒక ఏడాది పోతుంది.

అమ్మ మెట్ల దగ్గరే నిలబడింది. "సచ్చినోళ్ళవి ఇంట్లో పెడితే యెట్లమ్మా? మర్యాదగానే పెట్టినా కదా."

"సచ్చినోళ్ళవి కాదత్తా. అందరూ బతికే ఉండారు. ఇది పాకాలాయనది. మిగిలిన పళ్ళతో ఈపొద్దు మురుకులు కొరుకుతా ఉంటాడు."

అమ్మ గిన్నె దగ్గరికి వచ్చి తొంగిచూసింది. "నువ్వు ఎత్తి పెట్టుకునేది వాళ్ళకి తెలుసునా?"

"అడిగే తీసుకున్నా."

"అయితే లోపలే పెట్టుకో. ఈతూరి ముట్టను."

నా భార్య చిత్తూరులో, పుత్తూరులో తెలిసిన పంటి డాక్టర్లందరినీ అడిగింది. సరిపడా పళ్ళు పోగవడానికి వేసవంతా పట్టింది. ఈసారీ నల్లగుడ్డ మూట మా ఫ్రిజ్‌లోనే ఉంది. అమ్మ పెరుగును కింది అరలోకి మార్చుకుంది.

రెండు సగాలనూ ఎంజైము నీళ్ళలో నానబెట్టి తీశాక నన్ను కాలేజీకి పిలిచి రెండు ముక్కలు చూపింది. వెలుగు చూడనిది పట్టకారు తగలగానే తడిసిన కాగితంలా చీలిపోయింది. రెండోది వంగింది, తెగలేదు. ఆమె దాన్ని చాలాసేపు అలాగే ఎత్తి పట్టుకుంది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాం.

"అయితే నా పళ్ళూ గట్టిపడతాయా?"

"నీకు ఉండేవే నాలుగు కదత్తా."

"ఆ నాలుగిటికే అడిగేది."

నా భార్య చేతులు కడుక్కుని వచ్చి, అమ్మను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, నోరు తెరవమంది.