పాత వలల షెడ్డు

“...కాకులు నా చేపల మీదే ఎందుకు వాల్తాయి, నువ్వు నా వల గుంజుకెళ్లి నీ వాటి మీద కప్పుకోకపోతే?”

“నీ వల నాకెందుకమ్మా, పట్టుకుంటే పొడైపోయే వల. మంచిది కావాలంటే మీ ఆయన్నడుగు. ఊళ్లో వలలన్నీ తూకమేసి లారీ ఎక్కించింది ఆయనేగా.”

రాంబాబు ఆటో దిగి పాకల వెనక నుంచి వస్తుంటే ఈ మాటలు వినిపించాయి. మొదటి గొంతు నాగమల్లేశ్వరిది, పెదనాన్న కొడుకు కొండలయ్య భార్య. రెండోది పక్కింటి కొండలమ్మది. అతన్ని చూడగానే కొండలమ్మ కొంగు సర్దుకుని, ఎండ మండిపోతోంది కదండీ అని లోపలికి వెళ్లింది. చిన్నప్పుడు ఆమె అతన్ని పేరు పెట్టి పిలిచేది.

బందరు అవతల, సముద్రంలో కలిసే పాయ ఒడ్డున ఉన్న ఈ పల్లెపాలెంలోనే రాంబాబు పుట్టాడు. టెక్స్‌టైల్ టెక్నాలజీ చదివి, సూరత్‌లో, తిరుప్పూర్‌లో మిల్లుల్లో పనిచేసి, యాభైకి దగ్గర పడుతుండగా విజయవాడ చేరాడు. ఇప్పుడతను ఒక విదేశీ కంపెనీకి నిపుణుడు. వాళ్లు పాత నైలాన్ వలలు కరిగించి మళ్లీ దారం తీస్తారు. ఆ దారంతో ఈత దుస్తులు, తివాచీలు తయారవుతాయి. దారం గురించీ వల గురించీ కూడా తెలిసిన మనిషి వాళ్లకు ఇంకొకడు దొరకలేదు.

బెంజ్ సర్కిల్ దగ్గర రెండు గదుల్లో ఉంటాడు. పెళ్లి చాలాకాలం కిందటే విడాకులతో ముగిసింది. అన్నం తనే వండుకుంటాడు. కర్రీ పాయింట్ ఆయన అతను కనబడగానే, అడక్కుండా, ఒక్క ప్యాకెట్ కట్టిస్తాడు. మధ్యాహ్నాలు కంప్యూటర్లో మీటింగులు. రకరకాల దేశాల నిపుణులు చిన్న చిన్న గళ్లలో కనిపించి నీటి ఆదా గురించి, రంగుల గురించి, పారేసిన బట్టల గుట్టల గురించి మాట్లాడతారు. ఒకసారి నెట్ ఆగిపోయి అతని ముఖం నోరు తెరుచుకునే బిగుసుకుపోయింది. మళ్లీ కలిసేసరికి మాటలు సాగుతూనే ఉన్నాయి. ఏమైందని ఎవరూ అడగలేదు.

పాత వలలు కొనే షెడ్డు పల్లెపాలెంలో పెడదామన్నది అతనే. దాన్ని కొండలయ్యకు అప్పగించాడు. మొదట్లో ఊరివాళ్లు అతన్ని మీరు అని, సార్ అని అన్నారు. ప్రతి గురువారం వస్తూ ఉంటే మెల్లగా మారారు. ఓ గురువారం పడవలు బాగుచేసే ముసలాయన అటు తిరక్కుండానే, “ఒరేయ్ రాంబాబూ, ఆ తాడు ఇటు విసురు” అన్నాడు. తిరుగు బస్సు ఉయ్యూరు దాటేదాకా అతనికి ఆ మాటే చెవిలో ఉంది. గురువారం పేరు చెప్పి మిగతా రోజులు గడిపేవాడు.

నాగమల్లేశ్వరి ఆరబోసిన నెత్తళ్ల చేపల మీద కప్పి ఉన్నది పచ్చ ప్లాస్టిక్ వల. రాంబాబు వంగి అంచు పట్టుకుని నలిపాడు. పోగులు విరిగి పొడి చేతికంటింది. ఎప్పుడు కొన్నారని అడిగితే మొన్న వేసవిలో అంది. బందరులో దొరుకుతుందట, ఇది మూడోదట. పాత వల ఉన్నన్నాళ్లూ ఈ బాధ లేదని కూడా అంది, కానీ అతని మీద నిష్ఠూరంగా కాదు.

అతను ఒడ్డు వెంబడి నడిచాడు. చేపలు ఎండే ప్రతిచోటా పచ్చ వలే. చిరిగినవి ముళ్లకంపల్లో, పాయ బురదలో చిక్కుకుని ఉన్నాయి. ఈ ఊళ్లో వల పాడైందంటే పారేసేది కాదు. సముద్రానికి పనికిరానిది ఎండు చేపల మీదికి వస్తుంది, అక్కణ్ణుంచి బీరపాదుకి, చివరికి కోళ్ల గూటికి. ఇది రాంబాబుకు తెలియక కాదు. షెడ్డు పెట్టేటప్పుడు వీటన్నిటినీ కలిపి వ్యర్థం అన్నాడు. ఆ మాట కంపెనీలో అందరికీ నచ్చింది.

షెడ్డులో కొండలయ్య హుషారుగా ఉన్నాడు. పక్కన ఇంకో షెడ్డు వేద్దామన్నాడు. కంపెనీ వాళ్లు వీడియో తీయడానికి వస్తారట, రాంబాబు మన మనిషని వాళ్ల ముందు చెప్పాలని ఊరంతా అనుకుంటోందట. మూటకట్టిన వలల్లో రాంబాబు చెయ్యి పెట్టి చూశాడు. మరో పదేళ్లు చేపల మీద కప్పుకోదగ్గవి చాలా ఉన్నాయి.

విజయవాడ వచ్చాక పై అధికారి సింధూరికి ఫోన్ చేశాడు. చూసింది చూసినట్టు చెప్పాడు. మనం ఒక మంచి వల తీసుకెళ్తే దాని చోట మూడు చెత్త వలలు వచ్చి బురదలో కలుస్తున్నాయన్నాడు. ఆమె ఓపిగ్గా విన్నది.

“రాంబాబు గారూ, వాళ్లేం కొనుక్కుంటున్నారో మన లెక్కలోకి రాదండీ.”

బందరు షెడ్డును చూసే మిగతా తీరాల్లో కూడా పెట్టబోతున్నామని, దానికొచ్చే పేరంతా అతనిదేనని గుర్తుచేసింది. ఆమె మాటలో అబద్ధం లేదు. ఊరివాళ్లకు మన్నికైన కప్పులు మనమే ఇద్దామా అని అడిగితే దానికి డబ్బు లేదంది. సముద్రంలో తేలుతూ దొరికే వలలే తీసుకుందామా అంటే, అవి గుప్పెడు కూడా ఉండవని ఇద్దరికీ తెలుసు. బందరు సంగతి మీ ఇష్టం, మీరు ఏం చెబితే అదే అని ఫోన్ పెట్టేసింది.

ఆ వారం మీటింగుల్లో అతను కెమెరా ఆపేసి కూర్చున్నాడు. పచ్చ వలల సంగతి తను మళ్లీ ఎత్తకపోతే ఎవరూ అడగరు. కొండలమ్మకు తెలుసు గానీ ఆమె తనని నిలదీసే మనిషి కాదు. సాయంత్రాలు బందరు రోడ్డు మీద నడుస్తూ, ఆగిన బస్సుల బోర్డులు చదివి తిరిగి వచ్చేవాడు. షెడ్డు లేకుండా గురువారం ఆ బస్సెక్కి, అక్కడ దిగి, ఎవరింటికని వెళ్లాలో ఆలోచించాడు. అమ్మా నాన్నా పోయి చాలా ఏళ్లయింది. వాళ్ల పాక ఉన్న చోట ఇప్పుడు రోడ్డుంది.

గురువారం నాగమల్లేశ్వరి చేపల పులుసు పెట్టింది. కొండలయ్య రెండో షెడ్డుకి రేకులు బేరమాడానన్నాడు. రాంబాబు తల వంచుకుని తిన్నాడు. ఆమె ఇంకో ముక్క వేయబోతే చెయ్యి అడ్డుపెట్టాడు.

“మొహమాటం దేనికి రాంబాబూ. ఆ షెడ్డే లేకపోతే నువ్వసలు ఈ గుమ్మం తొక్కేవాడివా?” అంది నవ్వుతూ.

“తొక్కేవాడు కాదు. మనమూ పిలిచేవాళ్లం కాదు,” అన్నాడు కొండలయ్య, అతనూ నవ్వుతూనే.

రాంబాబు ముక్క వేయించుకున్నాడు. తినడం పూర్తిచేసి, బయటికి వెళ్లి చేతులు కడుక్కుని, తువ్వాలు అందుకుని తుడుచుకున్నాడు. లోపలికి వచ్చాక కూర్చోలేదు.

“అన్నయ్యా, ఇంక వలలు తీసుకోవద్దు. షెడ్డు మూసేస్తున్నాను. లోపల ఉన్నవి ఎవరివి వాళ్లకి ఇచ్చెయ్.”