ఉల్లిపొట్టు కాని చుక్క

దయ్యాలనీ గియ్యాలనీ నేను ఏనాడూ నమ్మలేదు. తాడేపల్లిగూడెంలో మాది ఉల్లి గోడౌను. ఆ ఘాటుకి దయ్యమే వచ్చినా కళ్లు తుడుచుకుంటూ ఏలూరు బస్సెక్కాల్సిందే.

అలాంటి నా కళ్లముందే, పట్టపగలు, ఫ్యాను కింద జరిగింది ఇది.

మా ఆవిడ సుభద్ర కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఆదివారాలు కాలేజీ ల్యాబులో మాలాంటి పెద్దవాళ్లకి ఖగోళం క్లాసు పెట్టింది. టెలిస్కోపు లేదు. ఎక్కడెక్కడి టెలిస్కోపులో ఆకాశమంతా తీసి ఇంటర్నెట్‌లో పెట్టిన ఫోటోలని తలా ఓ ముక్క పంచుతుంది. గెలాక్సీలని ఆకారాన్ని బట్టి, రంగుని బట్టి విడదీయాలి. నాకది పుట్టుకతో వచ్చిన విద్య. గుండ్రనివి ఒక కుప్ప, చుట్లు తిరిగినవి ఒక కుప్ప, ఒకదాన్నొకటి ఢీకొన్నవి జంటపాయలు. నీలంగా ఉంటే కుర్ర నక్షత్రాలు, ఎర్రబడితే ముసలివి. నెల తిరక్కుండా సగం విశ్వాన్ని గ్రేడింగ్ చేసి పారేశాను.

క్లాసుకి వచ్చేది నేను, కొల్లేరులో చేపల చెరువులున్న సత్యం గారు, ఇంకో ముగ్గురు. “ఉల్లిపాయల వాళ్లకి ఆకాశం ఎందుకండీ? ల్యాబు తాళం ఇచ్చేయండమ్మా” అన్నారు కాలేజీ ప్రెసిడెంటు గారు. ఆఖరిసారి చూసి తేలుస్తానని ఓ ఆదివారం ఏలూరు నుంచి ఆయనే వచ్చారు. ఆ ఉదయం సుభద్ర ఇడ్లీ ముట్టలేదు. ఆవిడ వంతు కూడా నేనే తినాల్సి వచ్చింది.

ఆవేళ పాఠం, ఒకే ఆకాశపు ముక్కకి పాత ఫోటో, కొత్త ఫోటో మార్చి మార్చి చూసి తేడా పట్టడం. ప్రెసిడెంటు గారు తిన్నగా వచ్చి నా వెనక నిలబడ్డారు. ఆయన ఊపిరికి నా మెడ మీద తుఫాను.

కొత్త ఫోటోలో ఒక గెలాక్సీ అంచున చిన్న చుక్క. పాతదాంట్లో లేదు. నా చొక్కా మీంచి రాలిన ఉల్లిపొట్టు అనుకుని కండువాతో తుడిచాను. పోలేదు. గోటితో గీకాను. ఊహూఁ.

“ఏవండీ, స్క్రీను అరగదీయకండి. ఫోటో జరిపి చూడండి” అంది సుభద్ర.

జరిపాను. చుక్కా జరిగింది. పెద్దది చేస్తే పెద్దదైంది.

“పేలిన నక్షత్రమేమో!” అంది సుభద్ర. ఆవిడ గొంతు వణకడం మా పెళ్లినాడు కూడా వినలేదు.

“ఏదండీ, నన్నోసారి చూడనివ్వండి” అని ప్రెసిడెంటు గారు మౌసు లాక్కున్నారు. భోజనాల వేళ దాకా తిరిగివ్వలేదు. వెళ్తూ, “తాళం మీ దగ్గరే ఉంచండమ్మా” అన్నారు.

సాయంత్రం సుభద్ర అదే ముక్క కొత్త ఫోటో మళ్లీ తెరిచింది. అదే గెలాక్సీ, అవే ఇరుగుపొరుగు నక్షత్రాలు. చుక్క లేదు. ఎప్పుడో తీసి దాచిన ఫోటో, అందులోంచి చుక్క ఎక్కడికి పోతుంది? ల్యాబులో కంప్యూటర్లన్నీ వెతికాం. సంగతి చెబితే ప్రెసిడెంటు గారు ఇంట్లో కంప్యూటర్లో తెరిచి చూసి ఫోను చేశారు. “ఇక్కడా లేదండీ. కానీ నేను చూశానండీ, ఒట్టు!”

“మా చెరువులో చేప కూడా అంతేనండి, తల చూపించి మునిగిపోద్ది” అన్నారు సత్యం గారు. ఇంతకన్నా మంచి వివరణ ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు.

ప్రెసిడెంటు గారు ఇప్పుడు ప్రతి ఆదివారం మా కన్నా ముందొచ్చి కూర్చుంటారు. పాఠం మొదలెట్టే ముందు ఆ ముక్క ఓసారి తెరుస్తాం. తెరిచే ముందు నేను కండువాతో స్క్రీను తుడుస్తాను. ఎవరూ నవ్వరు.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఉల్లిపొట్టు మాత్రం కాదు.